డాన్సు హాల్లో పుట్టినవాడు

థియెన్‌జిన్‌లో తూర్పు ఎటు, పడమర ఎటు అని ఎవరినీ అడగకూడదు. అడిగినా లాభం లేదు. నది ఎటు వంకర తిరిగితే అటు వీధులు వేసుకుంటూ పోయారు ఒకప్పుడు ఈ ఊరిని పంచుకుని ఏలిన ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, జపానువాళ్ళు, ఎవరి ముక్క వాళ్ళది. అందుకని ఊరివాళ్ళకి కుడి, ఎడమ, ముందు, వెనక తప్ప వేరే దిక్కులు లేవు. ఖౌ సూచిన్ తన వెంట వచ్చే ప్రతి బృందానికీ చెప్పే మొదటి మాట ఇదే.

"మాస్టారూ, ఆ దిక్సూచి జేబులో పెట్టేయండి. దానికి పిచ్చెక్కితే నా పూచీ లేదు."

అందరూ నవ్వారు. జెంగ్‌జౌ నుంచి వచ్చిన దూ మాస్టారు, రిటైరైన ఫిజిక్సు టీచరు, దిక్సూచిని జేబులో పెట్టకుండా ఇంకాస్త పైకెత్తి చూసుకున్నాడు. ఆయన భార్య ఆయన మోచేతిని గిల్లింది. అక్టోబరు సెలవుల వారం. ఈ వారంలో దేశం దేశమంతా ఇళ్ళకి తాళాలు వేసుకుని ఒకరి ఊరు ఒకరు చూడటానికి బయల్దేరుతుంది. ఎవరి ఊరు వాళ్ళు మాత్రం చచ్చినా చూడరు.

సూచిన్‌కి యాభై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి, గుండ్రటి ముఖం, తలమీద ఎర్ర టోపీ. గడియారాల ఫ్యాక్టరీ మూతపడ్డాక గైడు పనిలో చేరి పద్దెనిమిదేళ్ళయింది. ఆమె గొంతుకి మైకు అక్కర్లేదు గానీ కంపెనీ ఇచ్చింది కాబట్టి చెంప పక్కన తగిలించుకుంటుంది. వెనక నడిచే ఇరవై ఇద్దరి చెవుల్లోనూ ఆ మాటలు వినిపించే చిన్న చిన్న బుడిపెలు. మైకు ఆపడం మర్చిపోవడం ఆమెకి మామూలే. పోయిన నెలలో ఒక బృందం బృందమంతా ఆమె ఖర్జూరాలమ్మేవాడితో ఆడిన బేరాన్ని మొదట్నుంచి చివరిదాకా వింది.

"ఇంకో సంగతి. మా ఊళ్ళో ఆడమనిషి కనబడితే అక్కే. పద్దెనిమిదేళ్ళ పిల్లయినా అక్కే, ఎనభయ్యేళ్ళ ముసలమ్మయినా అక్కే. పిన్నిగారూ, మామ్మగారూ అన్నారో, బండి మీద అట్లు పోసే ఆవిడ మీ అట్టులో గుడ్డు వెయ్యదు."

"మరి మా ఆవిణ్ణి ఏమని పిలవాలి?" అన్నాడు దూ మాస్టారు. ఆయన చేతిలో సగం తిన్న పెసరపిండి అట్టు ఉంది.

"మీరు మాత్రం అమ్మగారూ అనండి. ఇంటికెళ్ళాక అన్నమైనా పెడుతుంది."

మాచాంగ్ వీధి మలుపులో ఎర్ర రిబ్బన్లు కట్టిన కార్లు ఒకదాని వెనక ఒకటి పోయాయి. మాస్టారి భార్య ఆశ్చర్యంగా చూసింది. "రెండు దాటింది కదా, ఇప్పుడు పెళ్ళికి వెళ్తున్నారేంటి? మావైపు ఈపాటికి భోజనాలై పళ్ళు కుట్టుకుంటూ ఉంటారు."

ఈ ప్రశ్న ప్రతి బృందంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అడగకపోతే సూచినే అడిగిస్తుంది.

"మా ఊళ్ళో మొదటి పెళ్ళి విందు సాయంత్రమమ్మా. పొద్దు వాలాక. మధ్యాహ్నం పన్నెండింటికి విందుకి రమ్మని పిలుపొచ్చిందంటే, ఇద్దర్లో ఒకళ్ళకి ఇది రెండోసారి అని. ఎవరూ ఏమీ అడగరు. తింటారు, దీవిస్తారు, వస్తారు. పాత భోజనం అరిగిపోయింది, మళ్ళీ ఆకలేసింది, తప్పేముంది?"

మళ్ళీ నవ్వులు. సూచిన్ కూడా నవ్వింది. పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్న మాటే అయినా, ఈ మధ్య ఆ మాట నోట్లోంచి వచ్చేటప్పుడు ఎక్కడో గీసుకుంటోంది.

నడుస్తూ నడుస్తూ అసలు కబురు మొదలుపెట్టింది.

"మంత్రుల ఇళ్ళు, సేనాపతుల ఇళ్ళు అందరూ చూపిస్తారు. నేను నా కొడుకు పుట్టిన ఇల్లు చూపిస్తాను. ఏ పుస్తకంలోనూ ఉండదు. పచ్చ గేటు ఇల్లు. పట్టు వ్యాపారం చేసి, ఇంగ్లీషువాళ్ళకి ఏజెంటుగా ఉండి డబ్బు గడించిన ఒకాయన కట్టించాడు. మేడమీద డాన్సు హాలు. చెక్క నేల, జారిపడేలా ఉండేది. తర్వాత ఆయన ఎటో పోయాడు, ప్రభుత్వం ఆ ఒక్క హాల్లో నాలుగు కుటుంబాల్ని పెట్టింది. దుప్పట్లు కట్టుకుని గోడలనుకునేవాళ్ళం. మాకొచ్చింది పియానో పెట్టే మూల."

"పియానో ఉందా?"

"పియానో ఉంటే దానిమీదే పడుకునేవాళ్ళం! వినండి. ఒకరోజు మధ్యాహ్నం, బయట మోకాలి లోతు మంచు. నాకు నెప్పులు. ఆస్పత్రికెళ్ళే దారి లేదు. దుప్పటి అవతల ఉండే బస్సు కండక్టరమ్మ టిక్కెట్లు చింపే చేత్తోనే పురుడు పోసింది. పిల్లాడు బయటికొచ్చాడు గానీ ఏడవడు. ఎంతసేపటికీ ఏడవడు. మా ఆయనకి కాళ్ళూచేతులూ ఆడక, ఏం చెయ్యాలో తెలీక రేడియో పెట్టాడు. పాట రాగానే మావాడు కాళ్ళు ఆడించాడు. డాన్సు హాలు కదా!"

"ఇప్పుడెన్నేళ్ళు అబ్బాయికి?"

"ముప్ఫై నాలుగు. తొంభై కిలోలు. డాన్సు సంగతి దేవుడెరుగు, రెండు మెట్లెక్కితే ఆయాసం. తగ్గరా నాయనా అంటే వింటాడా? కొడుకులెవరైనా వింటారా?"

"మావాడూ అంతేనమ్మా," అంది మాస్టారి భార్య, ఎంతో కాలంగా ఎరిగున్న మనిషితో చెప్పుకున్నట్టు.

ఆ కొడుకు, లియాంగ్, చనిపోయి నాలుగేళ్ళయింది. ముప్ఫయ్యో ఏట, పనికి వెళ్తూ మెట్రో మెట్లమీద కూలబడ్డాడు. తలలో నరం చిట్లిందన్నారు. సూచిన్ ఆస్పత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. అప్పటికి అతను డెబ్బై ఎనిమిది కిలోలు. మిగతా పన్నెండు కిలోలూ సూచినే పెంచింది, ఏడాదికి మూడు చొప్పున.

అబద్ధం చెబుదామని చెప్పింది కాదు. కొడుకు పోయిన రెండు నెలలకి పనిలోకి వచ్చింది. పచ్చ గేటు దగ్గర నోరు అలవాటుగా ఆ కథ చెప్పేసింది, ఎవరో అలవాటుగా వయసు అడిగారు, ముప్ఫై అంది. అడిగినవాళ్ళ ముఖం మారలేదు. చేయి పట్టుకోలేదు. అయ్యో అనలేదు. అప్పుడు తెలిసింది ఆమెకి. ఈ ఊళ్ళో తనని ఎరిగిన ప్రతి ముఖంలోనూ లియాంగ్ చనిపోయి ఉన్నాడు. ఊరు చూడటానికి వచ్చి రేపు రైలెక్కి వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర మాత్రం బతికే ఉన్నాడు. ఆ రోజు నుంచి రోజూ మూడింటికి, ఆ గేటు ముందు పది నిమిషాలు, ఆమెకి కొడుకున్నాడు. దాన్ని పిచ్చి అనేవాళ్ళు అననీ. భర్త అంతకు ఆరేళ్ళ ముందే పోయాడు, ఇంట్లో మందలించేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

ఎవరూ లేరనడం కూడా న్యాయం కాదు. షియావ్‌మాన్ ఉంది, ఇంట్లో పిలుపు మాన్. లియాంగ్ భార్య. మందుల షాపులో పని. సముద్రపు ఒడ్డున ఉప్పు మళ్ళ ఊరి పిల్ల, తల్లి చిన్నప్పుడే పోయింది. కాపురం చేసింది మూడేళ్ళు. మొగుడు పోయాక సామాను సర్దుకుని వెళ్ళిపోతుందనుకున్నారు అందరూ. వెళ్ళలేదు. రెండేళ్ళు అత్తగారితోనే ఉంది. అత్తయ్యా అనడం ఎప్పుడు మానేసిందో, అమ్మా అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో ఇద్దరికీ గుర్తులేదు. చివరికి సూచినే గొడవపెట్టుకుంది. "నా మూతి చూస్తూ ముసలిదానివవుతావా? పో, బయటికి పో, సినిమాకి పో, ఎవడైనా మంచివాడు కనబడతాడేమో చూడు," అని వెంటపడి మరీ వేరే గది అద్దెకి ఇప్పించింది. మంచివాడు కనబడ్డాడు కూడా. నింగ్ వాళ్ళ అబ్బాయి, ఈత నేర్పుతాడు. సూచిన్ ఒకసారి చూసింది. చూసి, బాగున్నాడు అంది. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చింది, అది వేరే సంగతి.

పెళ్ళి అక్టోబరు ఐదున అని చెప్పడానికి మాన్ పోయిన నెల ఇంటికొచ్చింది. "అమ్మా, విందు పన్నెండింటికి. మా అమ్మ కూర్చోవాల్సిన కుర్చీలో నువ్వు కూర్చోవాలి."

పన్నెండింటికి. ఆ మాట వినగానే సూచిన్ గుండెలో ఏదో కుదుటపడింది. మధ్యాహ్నం విందంటే, వచ్చిన ప్రతివాడికీ తెలుస్తుంది ఈ పిల్లకి ముందు ఒక భర్త ఉండేవాడని. ఎవరూ పేరెత్తరు, అక్కర్లేదు కూడా. విందు వేళే చెబుతుంది లియాంగ్ ఉండేవాడని.

మూడు రోజుల కిందట ఫోన్లో మెసేజీ వచ్చింది. హాలు దొరకలేదమ్మా, పెళ్ళి వచ్చే నెలకి వాయిదా, తేదీ తెలిశాక చెబుతాను. సూచిన్ సరేలే అని, అయితే ఐదో తారీకు డ్యూటీకి వెళ్తానని జవాబిచ్చి, పెట్టిన సెలవు వెనక్కి తీసుకుని ఇవాళ పనిలోకి వచ్చింది. పెళ్ళినాడు పెళ్ళికూతురూ, ఇంటి ఆడవాళ్ళూ తలలో పెట్టుకునే ఎర్ర ముఖమల్ పువ్వు మాత్రం ఈ ఉదయం పాత బజారులో కొనేసింది. ముఖమల్ పువ్వు వాడిపోయేది కాదు కదా. నలగకుండా, ఇంటి నుంచి తీసుకెళ్ళిన నీలం రేకు డబ్బాలో కొట్టువాడి చేతే పెట్టించుకుంది. ఆ డబ్బా ఇప్పుడు భుజానున్న సంచిలో, నీళ్ళ సీసా పక్కన ఉంది.

బృందం మున్నాన్ వీధి మలుపు తిరిగింది. పచ్చ గేటు ముందు ఎవరో ఫోటోలు తీయించుకుంటున్నారు.

ఇదీ మామూలే. ఈ వీధుల్లో పెళ్ళికూతుళ్ళు సీతాకోకచిలుకల్లా గోడగోడకీ ఒకరు ఉంటారు. సూచిన్ జెండా ఎత్తి బృందాన్ని చెట్టుకింద ఆపింది. పెళ్ళికూతురు అటు తిరిగి ఉంది. ఎర్ర పట్టు బట్టలు, పైకి చుట్టిన జుట్టు. మెడవెనక నువ్వుగింజంత పుట్టుమచ్చ.

ఆ మెడ సూచిన్‌కి తెలుసు. లియాంగ్ దినాలయ్యాక వారం పాటు మాన్ మంచం దిగకపోతే, తలని ఒళ్ళో పెట్టుకుని, బకెట్టులో గోరువెచ్చని నీళ్ళు పెట్టుకుని, ఆ జుట్టు తనే కడిగింది.

మొదట సంతోషమే వేసింది. వచ్చే నెల పెళ్ళికి ఇప్పట్నుంచే ఫోటోలు దిగుతున్నారు కాబోలు. ఎంత బాగుంది పిల్ల. లియాంగ్‌తో పెళ్ళప్పుడు కూడా ఈ గేటు ముందే ఫోటో దిగింది. వాడే లాక్కొచ్చాడు, "నేను పుట్టిన ప్యాలెస్సు చూపిస్తా రా," అని. సూచిన్ చెయ్యి ఎత్తి పిలవబోయింది.

అప్పుడు చక్రాల కుర్చీలో కూర్చున్న ముసలావిడ కనబడింది. తొంభైకి దగ్గర్లో ఉంటుంది. తెల్లటి జుట్టులో ఎర్ర ముఖమల్ పువ్వు. ఆ పువ్వు ఫోటోల కోసం పెట్టుకోరు, పెళ్ళినాడే పెట్టుకుంటారు. ఆవిడ వెనక, రోడ్డువార, ఎర్ర రిబ్బన్ల కార్లు ఆగి ఉన్నాయి.

దూ మాస్టారు అప్పటికే ముందుకు పోయాడు. "శుభం మామ్మగారూ, శుభం! మనవడి పెళ్ళా?"

"ఎవర్రా మామ్మ?" అంది ముసలావిడ.

"అయ్యయ్యో, అక్కా! అక్కా!"

"ఆఁ, అలా రా దారికి. నా మనవడి పెళ్ళే. ఇదిగో ఈ బంగారు బొమ్మే మా ఇంటికొస్తున్న మనవరాలు."

"విందెప్పుడక్కా?" అన్నాడు మాస్టారు, గంట కిందట నేర్చుకున్న పాఠం ఒప్పజెప్పే ఉత్సాహంతో. "మధ్యాహ్నమా, సాయంత్రమా?"

"అదేం ప్రశ్న! ఐదూ యాభై ఎనిమిదికి. మా నింగ్ వాళ్ళింట్లో నాలుగు తరాలుగా మధ్యాహ్నం పెళ్ళి లేదు. మా వాడు, వాడి నాన్న మొదట ఏదో పన్నెండింటికని గొణిగారు, హాలు అప్పుడే దొరికిందని. పన్నెండింటికి నా మనవడి పెళ్ళేంటి, నా మనవరాలికేం తక్కువ, కన్నెపిల్ల, లోకం ఏమనుకుంటుంది అన్నాను. నోరు మూసుకుని సాయంత్రానికి మార్చారు."

పెళ్ళికూతురు ఇటు తిరిగింది.

సూచిన్‌కి అంతా అర్థమైంది. ఆ ముసలావిడకి ఎవరూ చెప్పలేదు. తొంభయ్యేళ్ళ మనిషికి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వేళ మారాక, తల్లి కుర్చీలో పాత అత్తగారిని ఎలా కూర్చోబెడతారు? అందుకే వాయిదా అబద్ధం. కోపం రాలేదు. రావాలి గానీ రాలేదు. లియాంగ్ అనే మనిషి ఈ సాయంత్రం ఐదూ యాభై ఎనిమిదికి ఎప్పుడూ లేనివాడవుతాడు, ఆ మాటొక్కటే బుర్రలో తిరుగుతోంది.

మాన్ ముఖంలో రంగుకింద రక్తం లేదు. కళ్ళు సూచిన్‌నే చూస్తున్నాయి. పక్కన పెళ్ళికొడుకు తల వంచుకున్నాడు. అతను సూచిన్‌ని గుర్తుపట్టాడు.

"అక్కా," అంది మాన్.

ఈ ఊళ్ళో ఆడమనిషి కనబడితే అక్కే. దారిన పోయే ఎవరినైనా అలాగే పిలుస్తారు.

"అక్కా, ఒక్క ఐదు నిమిషాలు ఆగుతారా? అయిపోవచ్చింది."

"తొందరేం లేదమ్మా," అంది సూచిన్. గొంతు మామూలుగానే వచ్చింది. పద్దెనిమిదేళ్ళ అలవాటు ఊరికే పోదు. "మావాళ్ళకి పెళ్ళికూతురంటే మేడలకన్నా ఎక్కువ. చూసుకోనీ."

ఫోటోగ్రాఫరు చెమట తుడుచుకుంటూ విసుక్కున్నాడు. "ఊళ్ళో ఇన్ని గేట్లుండగా ఈ పెచ్చులూడిన గేటే కావాలంది పెళ్ళికూతురు. అదీ మూడింటికే రావాలట. ఎండ కళ్ళల్లో కొడుతోంది."

మూడింటికి ఎర్ర టోపీ ఈ గేటు ముందుకి వస్తుందని మాన్‌కి తెలుసు. విందుకి పిలవలేక, పెళ్ళి బట్టల్లో తనే కనబడటానికి వచ్చింది. సూచిన్ టోపీ అంచు కిందకి లాక్కుంది.

అప్పుడే గాలి వీచింది. మాన్ తలలోని ముఖమల్ పువ్వు జారి కింద పడింది, వెనక్కి నడుస్తున్న ఫోటోగ్రాఫరు బూటుకింద నలిగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారి అయ్యో అన్నారు. ముసలావిడ చేతికర్రతో అతని కాలిమీద ఒక్కటి వేసింది.

"కళ్ళు కెమెరాలోనే పెట్టుకుని పుట్టావా? ఇప్పుడు పువ్వెక్కడిది? ఉన్నా పెట్టేవాళ్ళెవరు? పొద్దున పెట్టిన మేనకోడలు హోటలుకి పోయింది. ఎవరు పడితే వాళ్ళు పెట్టకూడదు. మొగుడూ కొడుకూ ఉన్న మనిషి కావాలి, కన్నవాళ్ళు కూడా ఉంటే మరీ మంచిది. నిండు ఇంటి మనిషి చెయ్యి పడాలి. నేను పనికిరాను, నా ముసలాడు పోయి ఇరవయ్యేళ్ళు."

"ఉంది కదా మా గైడక్క!" అన్నాడు దూ మాస్టారు. పాపం, ఆయన మంచికే అన్నాడు. "ఆవిడకి తొంభై కిలోల కొడుకు! అదీ ఎక్కడ పుట్టాడనుకున్నారు? ఈ ఇంట్లోనే, ఈ మేడమీదే!"

"ఈ ఇంట్లోనా?" ముసలావిడ ముఖం వెలిగిపోయింది. "ఇంతకన్నా శకునం ఏముంటుంది! రా అక్కా, రా. మొగుడున్నాడు కదా? కొడుక్కి పెళ్ళయిందా?"

అందరూ సూచిన్ వైపు తిరిగారు.

అవునంటే చాలు. ఒక్క మాట. ఇన్నాళ్ళూ చెబుతున్న మాటే, రోజూ ఇక్కడే నిలబడి చెప్పే మాటే. అవునంటే ఆ జుట్టుని ఇంకొక్కసారి ముట్టుకోవచ్చు. తల్లి పెట్టాల్సిన పువ్వు తల్లే పెట్టొచ్చు. తన కొడుకు బతికున్నాడని ఈ గేటు ముందు, మాన్ ఎదుట, నింగ్ వాళ్ళందరూ వినేలా అనొచ్చు.

మాన్ ఒక అడుగు ముందుకేసింది. "పర్లేదక్కా. మీరే పెట్టండి." తల కొంచెం వంచింది. "మీరే పెట్టాలి."

సూచిన్‌కి శకునాల పట్టింపు లేదు. పిల్లి ఎదురొస్తే దానికి చేపముక్క పడేసే మనిషి. కానీ భర్త పోయాడు, కొడుకు పోయాడు. ఆ ఇద్దర్నీ ఈ చేతులే కడిగి సాగనంపాయి. వీటితో ఆ పిల్ల తలమీద ఎర్ర పువ్వు పెట్టి, రేపు ఆ పిల్లకి కాలు బెణికినా తను తట్టుకోగలదా? నమ్మకం లేనివాళ్ళకి కూడా ప్రాణంకన్నా ఎక్కువైన మనిషి దగ్గరికొచ్చేసరికి ఎక్కడ లేని నమ్మకాలూ పుట్టుకొస్తాయి. ఏదో ఒకటి చెప్పి తప్పుకోవాలి. కొడుకు పోయాడు అనకూడదు, పెళ్ళి ముంగిట్లో చావు మాట తేకూడదు. ఇక మిగిలింది ఒకటే.

"నాకు పిల్లల్లేరు," అంది సూచిన్.

మాన్ వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

"లేరా?" అన్నాడు దూ మాస్టారు. "మరి ఆ రేడియో, ఆ కండక్టరమ్మ..."

"కబుర్లు మాస్టారూ. గంటన్నర ఎండలో నడిపిస్తాను, ఏదో ఒకటి చెప్పకపోతే మీరు నిద్రపోరూ? నాకు కొడుకు లేడు. ఎప్పుడూ లేడు."

ఆ మాట బయటా వినబడింది, ఇరవై రెండు జతల చెవుల్లోనూ వినబడింది. వెనక ఎక్కడో గోడకి చేరబడి నీళ్ళు తాగుతున్న కుర్రజంట కూడా తలెత్తి చూశారు. సూచిన్ చెంప పక్కన మైకు పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

"ఈ గైడ్ల నోళ్ళు కుట్టెయ్యాలి!" అంది ముసలావిడ నిరాశగా, అయినా నవ్వుతూ. "నేను నిజమే అనుకున్నాను సుమా."

"మీ ఆవిడ ఉన్నారు కదా," అంది సూచిన్ మాస్టారి వైపు తిరిగి. "మొగుణ్ణి ఇదిగో చూస్తున్నాం. కొడుకున్నాడని ఇందాకే చెప్పారు."

"కొడుకూ ఉన్నాడు, కూతురూ ఉంది," అంది ఆవిడ సిగ్గుపడుతూ. "మా అమ్మకి తొంభై ఒకటి. ఇప్పటికీ నన్ను తిడుతుంది."

"ఇంకేం! నిండు ఇల్లు మీదే." సూచిన్ సంచిలో చెయ్యి పెట్టి నీలం డబ్బా తీసింది. మూత తియ్యలేదు, పువ్వుని ముట్టుకోలేదు. డబ్బా డబ్బాగా మాస్టారి భార్య చేతిలో పెట్టింది. "ఇందులో కొత్త పువ్వుంది. బంధువుల పెళ్ళికని కొన్నాను. పొద్దున కొట్టువాడు పెట్టిందే, నా చెయ్యి తగల్లేదు. వాళ్ళ పెళ్ళికి నేను వెళ్ళడం లేదు."

మాన్ ఆ డబ్బాని చూసింది. ఆ ఇంట్లో ఉన్న ఐదేళ్ళూ ఆమె జడపిన్నులు ఆ డబ్బాలోనే ఉండేవి. మూతమీద సొట్ట లియాంగ్ చేతిలోంచి జారిపడినప్పటిది.

మాస్టారి భార్య పువ్వు తీసి, నాలుక కొంచెం బయటపెట్టి, జాగ్రత్తగా పెళ్ళికూతురి జుట్టులో గుచ్చింది. "నూరేళ్ళు చల్లగా ఉండండమ్మా," అంది. బాగానే పెట్టింది. కొంచెం ఎడమకి పెట్టి ఉంటే ఇంకా బాగుండేదని సూచిన్‌కి అనిపించింది. ఆ పిల్ల పాపిట ఎడమవైపుకి వాలి ఉంటుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోలు తీసుకున్నారు. మాన్ ఖాళీ డబ్బాని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. పెళ్ళికూతురి చేతిలో రేకు డబ్బా ఏమిటని ఫోటోగ్రాఫరు తీసుకోబోతే ఇవ్వలేదు.

"ఈ డబ్బా నేను ఉంచుకోనా," అంది. తర్వాతి మాట రావడానికి కొంచెంసేపు పట్టింది. "అక్కా?"

"ఉంచుకో. నా ఇంట్లో ఇంకా చాలా ఉన్నాయి."

ఒక్కటే ఉంది అలాంటిది. అది మాన్‌కి కూడా తెలుసు.

సూచిన్ జెండా ఎత్తింది. "రండి, రండి, బొడిపెల ఇటుకల ఇల్లు చూద్దాం. ఇటుకలు మాడిపోతే ఇంజనీరు పారెయ్యకుండా గోడకి పెట్టాడు, ఇప్పుడు దానికి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎడమకి మాస్టారూ, ఎడమకి, దిక్సూచి వద్దు." వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏమవుతుందో ఆమెకి తెలుసు.

దారిలో దూ మాస్టారు పక్కకి వచ్చి నడిచాడు. "భలే బోల్తా కొట్టించారు గైడక్కా! తొంభై కిలోలట, ఆయాసమట! మా ఆవిడైతే వాడికి సంబంధం చూద్దామనుకుంది. మీరు రేడియోలో చెప్పాల్సింది కథలు." చుట్టుపక్కల వాళ్ళు పగలబడి నవ్వారు. సూచిన్ కూడా నవ్వింది, చేతిమీది గడియారం చూసుకుంది, మైకు ఆపింది. అప్పుడు నడుస్తూనే ఏడ్చింది. టోపీ కింద, శబ్దం లేకుండా, తర్వాతి ఇల్లు వచ్చేదాకా ఏడ్చింది. ఇల్లు రాగానే ముఖం తుడుచుకుని మైకు పెట్టుకుంది.

ఐదూ యాభై ఎనిమిదికి ఆమె బస్సులో ఉంది. ఎదురు సీటు కింద ఎవరో పెళ్ళిలో పంచిన చాక్లెట్ల సంచి మర్చిపోయి దిగిపోయారు. ఆమె దాన్ని డ్రైవరుకి ఇచ్చి తన స్టాపులో దిగింది.

మర్నాడు మరో బృందం. ఇరవై ఆరుగురు, ఎక్కువగా వూహాన్‌వాళ్ళు. దిక్కుల కబురుకి నవ్వారు. అక్క కబురుకి నవ్వారు. పెళ్ళి కార్లు పోయాయి, ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె అడిగించలేదు.

మూడింటికి పచ్చ గేటు వచ్చింది. గేటు ముందు కాగితపు పూలరేకులు ఇంకా చెదిరి ఉన్నాయి, ఊడ్చేవాళ్ళు ఇటు రాలేదు.

"ఇది పట్టు వ్యాపారి ఇల్లు," అంది సూచిన్. "మేడమీద డాన్సు హాలు. తర్వాత ఆ హాల్లో నాలుగు కుటుంబాలుండేవి. దుప్పట్లు కట్టుకుని. పియానో పెట్టే మూలలో ఉండేవాళ్ళకి..."

ఆగింది. నోరు అలవాటుగా ముందుకి పోబోయింది. ముప్ఫై నాలుగు, తొంభై కిలోలు, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. అబద్ధమని ఒకసారి తన నోటితోనే అన్నాక, మళ్ళీ అదే గేటు ముందు ఆ మాటలు రాలేదు.

"ఆ మూలలో వాళ్ళకి ఒక పిల్లాడు పుట్టాడట," అంది.

"తర్వాత ఏమయ్యాడు?" అని అడిగింది ఒక అమ్మాయి.

"ఏమో తల్లీ," అంది సూచిన్. "వాళ్ళెవరో నాకు తెలీదు."